పదహారు కోర్లు, నాలుగు వంకలు

అనగనగా ఒక అడవిలో కరెంటు ఉండేది, కంప్యూటరూ ఉండేది. నవ్వకండి. కథ చెప్పేది నేను, నా అడవిలో ఏముండాలో నా ఇష్టం.

ఆ కంప్యూటరు మిట్ట మీద గుచ్చయ్య అనే ముళ్ళపంది బొరియలో ఉండేది. కొండ మీద వాన పడితే నాలుగు వంకలు పొంగి, కిందికొచ్చి ఒకే వాగులో కలిసేవి. ఏ వంకలో ఎంత నీరుందో పక్షులు చూసొచ్చి చెప్పేవి. గుచ్చయ్య ఆ లెక్కలు కంప్యూటరుకిచ్చి, వాగు ఎప్పుడు గట్టు దాటుతుందో తెలుసుకునేవాడు. వెంటనే పల్లంలో ఉండేవాళ్ళకి కబురు పెట్టేవాడు. వాళ్ళు పిల్లల్ని తీసుకుని మిట్ట ఎక్కేవాళ్ళు.

కానీ ఆ కంప్యూటరు ముసలిదైపోయింది. పోయిన ఏడు లెక్క తేలేసరికే నీళ్ళు గుమ్మాల్లోకి వచ్చేశాయి. చెవులమ్మ అనే కుందేలు తన పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని ఈదింది. అందరూ బతికారు. భయం మాత్రం పోలేదు.

"మామా, ఈసారి వానలకు ముందే దానికి మంచి ప్రాసెసరు వేయించు. మళ్ళీ ఈదే ఓపిక నాకు లేదు," అని చెవులమ్మ బతిమాలింది. అడవంతా తలా కాస్త తేనె పోగుచేసి గుచ్చయ్యకు ఇచ్చింది.

ప్రాసెసరంటే కంప్యూటరుకు బుర్ర. అందులో కోర్లు ఉంటాయి. ఒక్కో కోరు ఒక్కో పనివాడనుకోండి, చాలు. అంతకన్నా ఎక్కువ నన్నడగొద్దు.

గుచ్చయ్య తేనె కుండలు మోసుకుని సంతకు వెళ్ళాడు. అక్కడ తోకారావు అనే కొండముచ్చు కంప్యూటరు సామాను అమ్ముతాడు.

"రా బావా, రా! ఇది ఆరు కోర్ల ప్రాసెసరు. అది పదహారు కోర్లది. ఒక్కో కోరు వేగం రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే. కానీ పదహారు మంది చేసే పని ఆరుగురు చేస్తారా? నువ్వే చూడు!" అన్నాడు తోకారావు.

అతను ఒక పెద్ద అడవి బొమ్మను ముక్కలు చేసి, రంగులు వేయమని అవి బిగించిన రెండు కంప్యూటర్లకూ ఇచ్చాడు. పదహారు కోర్లది బొమ్మంతా పూర్తి చేసేసరికి, ఆరు కోర్లది ఇంకా చెట్ల దగ్గరే ఉంది. గుచ్చయ్య నోరు తెరిచాడు.

"పెద్దదే ఇవ్వు," అన్నాడు. కుండలన్నీ ఖాళీ అయ్యాయి.

ఆ సంతలో ఒక పద్ధతుంది. అమ్మిన సరుకు పెట్టెకు పచ్చి తీగ చుట్టి ఇస్తారు. తీగ వాడిపోయేలోపు సరుకు నచ్చలేదంటే వెనక్కి తీసుకుంటారు. తీగ వాడిపోయిందా, ఇక అంతే సంగతులు.

గుచ్చయ్య దారి పొడవునా కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. "పదహారు కోర్లు! మన అడవిలో ఎవరైనా చూశారా?" గొప్పలకు పోతే ఎవరికైనా ఒళ్ళు తెలియదు.

ఇంటికి రాగానే ప్రాసెసరు బిగించాడు. తీగను నీడలో తగిలించాడు. ముందు అడవి బొమ్మే వేయించాడు. చిటికెలో అయిపోయింది.

అతని భార్య సూదమ్మ చూసి, "బొమ్మ బాగుందయ్యా. మనమేమన్నా బొమ్మలు వేసుకుని బతుకుతున్నామా? మన పని ఇచ్చి చూడు," అంది.

రెండోసారి పోయినేటి వాన లెక్కలు ఇచ్చాడు. పాతదానికన్నా ఎంతో త్వరగా తేలింది, నిజమే. కానీ నాలుగు కోర్లే పనిచేశాయి. పన్నెండు ఊరికే కూర్చున్నాయి.

"అవెందుకు కూర్చున్నాయి?" అని అడిగింది సూదమ్మ.

గుచ్చయ్య ముళ్ళు గోక్కున్నాడు. "ఉన్నవి నాలుగు వంకలు కదే. వంకకో కోరు. వంకలో రెండో మలుపుకి ఎంత నీరొస్తుందో తెలియాలంటే ముందు మొదటి మలుపు లెక్క తేలాలి. అక్కడ పదిమంది చేయి పెట్టినా లాభం లేదు."

"అయితే ఆ పన్నెండుమందినీ మేపడం ఎందుకు?"

మూడోసారి పదహారు కోర్లూ పనిచేసేలా ఎన్నో ఏళ్ళ వాన లెక్కలు ఒకేసారి ఇచ్చి చూశాడు. బొరియ పొయ్యిలా వేడెక్కింది. ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఇంతలో గాలి వీచింది, కరెంటు పోయింది. పాత బ్యాటరీ ఒక్క నిమిషమైనా ఆగలేదు. కంప్యూటరు టక్కున ఆరిపోయింది.

"వాన పడితే మన అడవిలో కరెంటు ఉంటుందా? కొత్త బ్యాటరీకి తేనేదీ? ఈ వేడి తగ్గించే ఫ్యానుకి తేనేదీ?" అంది సూదమ్మ.

గుచ్చయ్య తీగ వైపు చూశాడు. ఆకుల అంచులు ముడుచుకుంటున్నాయి.

"దారంతా గొప్పలు చెప్పుకొచ్చానే. ఇప్పుడు వెనక్కి ఇచ్చేస్తే అందరూ నవ్వరూ?"

"నవ్వనీ. నవ్వాలంటే ముందు బతికుండాలి కదా!" అంది సూదమ్మ.

గుచ్చయ్య ప్రాసెసరు ఊడదీసి పెట్టెలో పెట్టాడు. పెట్టె చంకన పెట్టుకుని, తీగ చేత్తో పట్టుకుని సంతకు పరుగెత్తాడు. తోకారావు మొహం మాడ్చుకుని ఒక ఆకు తుంచి నలిపి చూశాడు. వేలికి పసరు అంటింది.

"ఇంకా పచ్చిగానే ఉంది. నీ అదృష్టం," అన్నాడు.

గుచ్చయ్య హమ్మయ్య అనుకుని కూలబడ్డాడు. తర్వాత ఆరు కోర్లది తీసుకున్నాడు. ఒక మంచి ఫ్యాను, ఒక పెద్ద బ్యాటరీ కూడా తీసుకున్నాడు. ఇంకా కాస్త తేనె మిగిలింది.

వచ్చేటప్పుడు ఒక కాకి అడగనే అడిగింది. "ఏం గుచ్చయ్యా, పదహారు ఏమయ్యాయి?"

"ఆరు నా చంకలో ఉన్నాయి. మిగతావి కావాలంటే సంతలో ఉన్నాయి, వెళ్ళి తెచ్చుకో," అన్నాడు గుచ్చయ్య. సిగ్గు కాస్త తగ్గింది.

వానలు రానే వచ్చాయి. ఒక మధ్యాహ్నం కొండంతా నల్లబడింది. ఉరుముకు ముందే కరెంటు పోయింది, అలవాటు ప్రకారం. బ్యాటరీ అందుకుంది. పక్షులు తడుస్తూ వచ్చి నీటి లెక్కలు చెప్పాయి. నాలుగు కోర్లు నాలుగు వంకలు చూశాయి. ఒకటి పక్షుల కబుర్లు రాసుకుంది. ఒకటి ఊరికే ఉంది. ఉండనీ, ఒక్కటే కదా.

లెక్క తేలింది. పొద్దు వాలకముందే వాగు గట్టు దాటుతుంది!

కబురు పల్లానికి పరుగెత్తింది. అందరూ నడుచుకుంటూనే మిట్ట ఎక్కారు. ఎవరూ ఈదలేదు. అందరూ పైకి చేరాక, కింద నీళ్ళు బుసకొడుతూ వచ్చి బొరియలన్నీ నింపేశాయి. చెవులమ్మ పిల్లల్ని లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది. ఒక్కరి చెవైనా తడవలేదు.

"మామా!" అని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి, ఒళ్ళు మరిచి గుచ్చయ్యను గట్టిగా కౌగిలించుకుంది.

"అమ్మో!" అని అంతే వేగంగా వెనక్కి గెంతింది. ముళ్ళపందిని ఎవరైనా కౌగిలించుకుంటారా?

మిట్టంతా పగలబడి నవ్వింది. పిల్లలు నవ్వారు, పక్షులు నవ్వాయి, ముల్లు పీక్కుంటూ చెవులమ్మ కూడా నవ్వింది.

గుచ్చయ్య భార్య వైపు తిరిగి, "చూశావా, అందరూ నవ్వుతున్నారు," అన్నాడు.

"నవ్వనీ," అంది సూదమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

నీతి: కొనే వస్తువుకు ఎంత బలముందో చూస్తే సరిపోదు, అందులో మన పనికి అక్కరకొచ్చేదెంతో చూసి కొనాలి.