సగం వాన

దస్తగిరి బల్ల సొరుగులో రెండు కాగితాలు పదకొండు రోజులుగా పడి ఉన్నాయి. రోజూ పొద్దున ఆఫీసుకు రాగానే సొరుగు లాగి, అవి ఉన్నాయో లేదో చూసి, మళ్లీ మూసేవాడు. అవి ఎక్కడికీ పోలేదు. అలాంటివి పోవు.

అనంతపురంలో మెట్టసేద్యం మీద పనిచేసే చిన్న పరిశోధన సంఘం ఒకటి ఉంది. ఆ సంఘం మూడు నెలలకొకసారి ‘మెట్ట’ అనే పరిశోధన పత్రిక వేస్తుంది. ముప్పై ఒక్కేళ్లుగా దానికి సంపాదకుడు ఓబుళపతి సారు. ఇప్పుడాయనకు డెబ్బై నాలుగు. వచ్చిన ప్రతి వ్యాసాన్నీ చివరి అక్షరం దాకా చదువుతారు. తిరగ్గొట్టిన వ్యాసానికి, అచ్చేసిన వ్యాసానికంటే పొడుగు ఉత్తరం రాస్తారు. దస్తగిరి ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేసి, ఆయన పక్క కుర్చీలోనే సహ సంపాదకుడిగా కుదురుకున్నాడు. సారు మీద ఈగ వాలినా ఓర్చుకోలేడు.

ఆ పత్రికకు గడ్డుకాలం వచ్చింది. లోకంలో ఎవరి వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో లెక్కగట్టే అంతర్జాతీయ డేటాబేస్ ఒకటుంది. అందులో చేరిన పత్రికలకే ఇప్పుడు విలువ. లెక్చరర్ల ప్రమోషన్లన్నీ దానితోనే ముడిపడ్డాయి. అందులో లేని పత్రికలో ఎంత మంచి వ్యాసం వేసినా అడవి కాచిన వెన్నెలే. అందుకని మంచి రాతగాళ్లు ఒక్కొక్కరే ‘మెట్ట’ను వదిలి వెళ్లిపోతున్నారు.

రెండేళ్ల కిందట దరఖాస్తు పెడితే డేటాబేస్ వాళ్లు తిరగ్గొట్టారు. సంచికలు ఆలస్యంగా వస్తున్నాయన్నారు. సంపాదక వర్గమంతా ఒకే జిల్లావాళ్లన్నారు. మీ వ్యాసాలను బయట ఉదహరించేవాళ్లు తక్కువన్నారు. మాట కటువుగా ఉన్నా అబద్ధం ఒక్కటీ లేదు.

ఆ రోజు నుంచి దస్తగిరి నడుం కట్టాడు. సంచిక చెప్పిన తేదీకి రావడం మొదలైంది. ఆరు దేశాల్లో ఉన్న మెట్టసేద్యం నిపుణులకు ఉత్తరాలు రాసి, బతిమాలి, సంపాదక వర్గంలోకి తెచ్చాడు. ముప్పై ఒక్కేళ్ల వ్యాసాలకూ ఇంగ్లీషులో సారాంశాలు రాయించి నెట్‌లో పెట్టాడు. తల ప్రాణం తోకకొచ్చిందిగానీ పని మాత్రం నిఖార్సుగా చేశాడు. జూన్ సంచిక రాగానే దాన్ని జతచేసి మళ్లీ దరఖాస్తు పెట్టాలి.

ఈసారీ కాదంటే మూడేళ్ల దాకా మళ్లీ అడగడానికి లేదు. అన్నాళ్లు ఆగే ఓపిక సంఘానికి లేదు. ఈసారి రాకపోతే పత్రిక మూసేద్దామని కమిటీలో తీర్మానం కూడా అయింది. దాని కింద సారు కూడా సంతకం పెట్టారు. తర్వాత బయటికొచ్చి టీ తెప్పించుకున్నారు. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేయడం దస్తగిరి చూశాడు. ఆ గ్లాసు చూసినప్పుడే, ఏం చేసైనా సరే ఈ పత్రికను నిలబెట్టాలని అనుకున్నాడు.

అలాంటి సమయంలో ఆ రెండు కాగితాలు వచ్చాయి.

‘మెట్ట’ వ్యాసాలను బయటివాళ్లు మొత్తం మూడు వందల పది సార్లు ఉదహరించారు. అందులో నూట తొంభై ఒకే వ్యాసానివి. అది ఓబుళపతి సారు ఇరవై రెండేళ్ల కిందట రాసింది. ఎర్రనేలలో వేరుశనగ విత్తడానికి ఇరవై ఒక్క మిల్లీమీటర్ల వాన చాలని, మూడేళ్లు కొలిచి తేల్చిన వ్యాసం. దరఖాస్తు ఇంటికి అదే దూలం.

ఆ కాగితాలు రాసింది మారెక్క, రాయదుర్గం డిగ్రీ కాలేజీలో లెక్చరర్. ఆ మూడేళ్ల వాన లెక్కలను, సారు కొలిచిన చోటికి దగ్గర్లోని మండలాఫీసు రిజిస్టరుతో ఆమె పోల్చి చూసింది. మొదటి రెండేళ్లూ దగ్గరదగ్గరగా సరిపోయాయి. మూడో ఏడు మాత్రం సారు లెక్కలో ప్రతి వానా మండలాఫీసు వానలో సగమే. ఒక్కటీ తప్పకుండా సగమే. కొలతలోనే ఏదో పొరపాటు జరిగిందనీ, అసలు అంకె ఇరవై అయిదు దాటుతుందనీ రాసింది.

దస్తగిరి ఆ రెండు పేజీలూ మూడుసార్లు చదివాడు. ఆమె చెప్పింది నిజమని మొదటిసారికే తెలిసిపోయింది. దరఖాస్తు వెళ్లిపోనీ, ఆ తర్వాత చూద్దాంలే అని సొరుగులో పెట్టాడు.

పన్నెండో రోజు మారెక్క బస్సు దిగి నేరుగా ఆఫీసుకే వచ్చేసింది.

నలభై ఏళ్లుంటాయి. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. సారుకు దండం పెట్టి అడిగింది.

“నేను పంపిన నోటు అందిందా సార్?”

సారు దస్తగిరి వైపు చూశారు. దస్తగిరి లేచి, సొరుగు లాగి, రెండు కాగితాలూ తీసి సారు ముందు పెట్టాడు. పైన అందిన తేదీ ముద్ర ఉంది. ఆ ముద్ర వేసిందీ అతనే.

సారు తేదీ చూశారు. కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు.

“తప్పుగా అనుకోవద్దండి సార్” అంది మారెక్క. “మీ వ్యాసాలు చదివే నేను ఈ దారిలోకొచ్చినా.”

“మండలాఫీసు రిజిస్టరు యాడ దొరికిందమ్మా? ఇరవై రెండేళ్లనాటిది.”

“అటక మీద సార్. నాలుగు శనివారాలు పట్టింది.”

“అంత పట్టుగా వెతకాలని ఎందుకనిపించింది?”

మారెక్క సంచీ పట్టీ సర్దుకుంది. “మా నాయన మీ అంకె రేడియోలో విని ఒకేడు విత్తినాడు సార్. ఇరవై రెండు పడిందని. మొలక ఎండిపోయింది. అప్పట్నుంచీ నాకు అనుమానం.”

“ఎన్నెకరాలు?”

“నాలుగు సార్.”

సారు కాగితాలు కింద పెట్టారు. ఎండలో చాలాదూరం నడిచొచ్చిన మనిషిలా కనిపించారాయన ఆ నిమిషంలో. తర్వాత లేచి, “రాప్పా దస్తగిరీ” అని స్టోరు గది వైపు నడిచారు.

స్టోరులో తుప్పుపట్టిన పాత రెయిన్‌గేజ్ ఒకటుంది. దాని పక్కనే బూజు పట్టిన గీతల గాజు జాడీ. సారు ఆ జాడీని పంచె అంచుతో తుడుచుకుంటూ పెరట్లోకి తెచ్చారు. పెరట్లో ఇప్పుడు వాడుతున్న గేజు ఉంది, దాని జాడీ కూడా ఉంది. వానను కొలిచే ఈ గేజుల్లో మూతి చిన్నవి కొన్ని, పెద్దవి కొన్ని. గేజులో పడిన నీళ్లను జాడీలో పోసి గీతలు చూస్తారు; దేని జాడీ దానికే.

“ఈ కొత్త జాడీతో పది మిల్లీమీటర్లు పట్టు” అన్నారు సారు.

దస్తగిరి కుళాయి కింద పెట్టి, గీత దగ్గరికి సరిగ్గా పట్టాడు.

“పాతదాంట్లో పోయ్. ఎంత?”

“అయిదు సార్.”

“మళ్లా పోయ్.”

“అయిదే సార్.”

సారు తల ఊపారు. “ఆ మూడో ఏడు పెద్దమూతి గేజు తుప్పుపట్టి కారుతాంటే, చిన్నమూతిది కొత్తది తెప్పిస్తిమి. జాడీ మాత్రం పాతదే వాడితిమి. గాజు మంచిగుండాది గదా, పారేయడమెందుకని. పొద్దున ఎనిమిదిన్నరకు పోయి కొలిచింది కూడా ఇంకెవరో కాదు. నేనే.”

మారెక్క తలొంచుకుని నిలబడింది. గెలిచిన మొహం కాదు అది. సారు ఆ జాడీ ఆమె చేతికిచ్చి, “మీ పిల్లోళ్లకు చూపించమ్మా, పనికొస్తాది” అన్నారు.

ఆమెను బస్సెక్కించి వచ్చాక జూన్ సంచిక ప్రూఫులు తెప్పించుకున్నారు. మొదటి పేజీలో ఉన్నది దస్తగిరి చెమటోడ్చి రాసిన సంపాదకీయం, ముప్పై ఒక్కేళ్ల ‘మెట్ట’ చరిత్ర. డేటాబేస్ వాళ్లు మొదట చూసేది అదే. సారు ఆ పేజీ తీసి పక్కన పెట్టి, మారెక్క నోటు ఆ జాగాలో ఉంచారు. దాని కింద తన చేత్తో మూడు వాక్యాలు రాశారు. ఈమె చెప్పింది నిజం. తప్పు నాది. ఇరవై ఒకటిని నమ్మి ఎవరూ విత్తవద్దు.

దస్తగిరి ఆ పేజీ మీదికి వంగాడు.

“సార్, వెయ్యొద్దనను. చివరి పేజీలో వేద్దాం. సవరణలు అందరూ ఆడనే వేస్తారు.”

“నా వ్యాసం ఏ పేజీలో వేస్తిమి?”

దస్తగిరికి తెలుసు. “మొదటి పేజీలోనే సార్.”

సారు ప్రూఫు మీద గుర్తు పెట్టుకుంటూ పోయారు.

“పోనీ వచ్చే సంచికలో. దరఖాస్తు వెళ్లిపోతుంది అప్పటికి. మూడు నెలలే కదా సార్.”

“వచ్చే సంచిక సెప్టెంబర్లో. విత్తనం జూన్‌లో.”

“పత్రిక పోతుంది సార్!” దస్తగిరి గొంతు లేచిపోయింది. సారు ముందు గొంతు లేపడం పదేళ్లలో అదే మొదటిసారి. “ముప్పై ఒక్కేళ్ల కష్టం! నేను దాచింది నాకోసమా?”

సారు కలం ఆపి అతని వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. కోపముంటే దస్తగిరికి కొంత నయంగా ఉండేది.

“నాకోసమేనని తెలుసప్పా” అన్నారు మెల్లగా. “దరఖాస్తు ఫారం తీస్కరా.”

ఫారంలో ఒక ప్రశ్న ఉంది, మీ పత్రికలో సవరించాల్సి వచ్చిన వ్యాసాలేమైనా ఉన్నాయా అని. దస్తగిరి ‘లేవు’ అని నింపి ఉంచాడు. సారు దాన్ని కొట్టేసి, ‘ఉంది. నాదే’ అని రాశారు. నూట తొంభై లెక్క పక్కన కూడా, తప్పున్న వ్యాసం ఇదేనని రాసి, వివరం జూన్ సంచిక మొదటి పేజీలో చూడమన్నారు.

జూన్ రెండో తేదీన దస్తగిరి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాడు. పంపే బటన్ మీద వేలు చాలాసేపు ఆగింది. సారు తన కుర్చీలో కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. తలెత్తలేదు. దస్తగిరి కళ్లు మూసుకుని నొక్కేశాడు.

ఆ తర్వాత తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ సారు ఎప్పటిలాగే వ్యాసాలు దిద్దారు. తిరగ్గొట్టిన వాళ్లకు పొడుగు ఉత్తరాలు రాశారు. సెప్టెంబర్ సంచిక ఒకటో తేదీకే వచ్చింది. డిసెంబర్ సంచిక కూడా. వ్యాసాల్ని పరిశీలించే పనికి సారు మారెక్కను పిలిపించుకున్నారు. ఆమె రెండో వ్యాసానికే ఒక పెద్ద ప్రొఫెసర్ పట్టికలో తప్పు పట్టింది. ఆ రోజు సారు మొహం చూడాలి, మనవరాలు మొదటి అడుగు వేసినంత సంబరం.

దస్తగిరి మాత్రం రోజూ మెయిల్ తెరవడానికి భయపడుతూనే ఉన్నాడు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఆ జవాబు వచ్చింది. నాలుగే వాక్యాలు. ‘మెట్ట’ను చేర్చుకుంటున్నామన్నారు. పటాలు ఇంకా స్పష్టంగా ఉండాలన్నారు. ఇంగ్లీషు మెరుగుపడాలన్నారు. అభినందనలన్నారు. ఎందుకు చేర్చుకున్నారో అందులో ఎక్కడా లేదు.

దస్తగిరి కుర్చీలోంచి లేచిన వేగానికి కుర్చీ పడిపోయింది. సారు బల్ల దగ్గరికి పరుగెత్తి, ప్రింటు తీసిన కాగితం చేతికిచ్చాడు. సారు ఒకసారి చదివారు. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదివారు. “బాగుంది” అన్నారు. “బాగుందప్పా. కమిటీవాళ్లకు చెప్పు. మారెక్కకు ఫోన్ చెయ్.”

దస్తగిరి కదల్లేదు. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారి పొంగింది.

“నేను గుడ్డోణ్ణి సార్. మీకు ముందే తెలుసు.”

“ఏం తెలుసు?”

“మొదటి పేజీ చూస్తే వాళ్లు ఒప్పుకుంటారని. ఇలాంటి పత్రికనే నమ్ముతారని. మీకు తెలిసే వేసినారు.”

సారు కాగితం బల్ల మీద పెట్టారు. తర్వాత పక్కనున్న ఫైలు విప్పి, అడుగున మడిచిపెట్టిన ఒక కాగితం తీసి అతని చేతికిచ్చారు.

దస్తగిరి మడత విప్పాడు. సారు చేతిరాత. ‘మెట్ట చదువరులకు’ అని మొదలైంది. ఇదే చివరి సంచిక అని, ముప్పై ఒక్కేళ్లు తోడున్నందుకు అందరికీ నమస్కారమని, వ్యాసాలు పంపి ఎదురుచూస్తున్నవాళ్లు మన్నించాలని ఉంది. కింద సంతకం. సంతకం కింద తేదీ.

జూన్ రెండు.

“ఒక పక్కే రాసినా” అన్నారు సారు, ప్రూఫుల కట్ట ముందుకు లాక్కుంటూ. “ఎనకపక్క ఖాళీగా ఉండాది. దిద్దుబాట్లు రాసుకోను పనికొస్తాది, ఉంచుకో.”