తలుపులు లేని గవని

పూర్వం తూర్పుసముద్రతీరాన మొగలికోట అనే మహానగరాన్ని అర్ణవదేవుడనే రాజు పరిపాలించేవాడు. సముద్రానికీ శత్రువులకూ సమానంగా భయపడే ఆ ప్రభువు నగరం చుట్టూ ఏడు నిలువుల ఎత్తున రాతిప్రాకారం తలపెట్టాడు. రాళ్ళు చాలకపోయేసరికి, ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే బాటసారి ఎవరైనా సరే ఆ ఊళ్ళో మజిలీ చెయ్యాలంటే తలకొక రాయి తెచ్చి గవని దగ్గర, అంటే కోటవాకిట, సమర్పించుకోవాలని శాసనం వేయించాడు. పది ఆమడల మేర ఇసుక తప్ప గులకరాయైనా దొరకని తీరం అది. ఆ సంగతి రాజుకు తెలియదా అంటే, తెలుసు. పల్లకిలోంచి ఇసుక చక్కగానే కనిపిస్తుంది. కాళ్ళు కాలేది మోసేవాళ్ళకి గదా.

ఆ బాటన ఒక కార్తీకమాసంలో దాలెమ్మ అనే మంత్రసాని నిండుచూలాలైన కోడలు చిలకమ్మను కాన్పుకి పుట్టింటికి తీసుకుపోతూ వచ్చింది. నూరుమంది బిడ్డలను భూమ్మీదికి తెచ్చిన చేతులు ఆమెవి. ఆమె ఆస్తి అంతా ఎద్దు మీద కట్టిన ఒక చిన్న రాతిరోలు, దాని పొత్రం; మందులు నూరేది వాటితోనే. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడి, సముద్రం మీద గాలి గర్జించసాగింది. అప్పుడే చిలకమ్మకు నొప్పులు మొదలయ్యాయి. దాలెమ్మ ఎద్దును అదిలించి, కోడలిని నడుం పట్టి నడిపిస్తూ కోటగవనికి చేరింది.

గవని అధికారి పేరు రేచన. క్రూరుడేమీ కాడు. శాసనాన్ని కంఠస్థం చేసి, దాన్నే బుద్ధి అనుకుని బతికేవాడు. రాయి ఏదని అడిగాడు. దాలెమ్మ రోలూ పొత్రమూ దింపి చెరొకటీ అని చూపించింది. రేచన చిలకమ్మ కడుపు వైపు చూసి, ముగ్గురున్నారు గదా అన్నాడు. గోడమీద కావలివాళ్ళు పకపకా నవ్వారు.

దాలెమ్మ నవ్వలేదు. "పుట్టనివాడికి కూడానా నాయనా? నువ్వు మీ అమ్మ కడుపులో ఉండగా ఏ రాయి మోసుకొచ్చావు?"

"శాసనంలో తల అని ఉంది. పుట్టిన తల అని లేదు," అన్నాడు రేచన.

వాదించడానికి వ్యవధి లేదు. రోలు కోడలిదీ పొత్రం బిడ్డదీ అనుకొమ్మని చెప్పి, తాను బయటే ఉంటానని, లోపల మరో మంత్రసానిని పిలిపించమని మాత్రం దాలెమ్మ అడిగింది. రేచన సరేనన్నాడు. చిలకమ్మ అత్త కొంగు వదలక ఏడుస్తుంటే, దాలెమ్మే ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి లోపలికి తోసింది. తలుపులు మూసి అడ్డమాను వేశారు. వాడుక ప్రకారం ఆ రెండు రాళ్ళనూ గవని పక్కన కడుతున్న గోడలో అప్పటికప్పుడే పొదిగారు.

అయితే ఊళ్ళో ఆడవాళ్ళంతా ఉప్పెన భయంతో అప్పటికే మెట్టమీది గుడికి చేరిపోయారు. గోడ మీద నవ్విన మగధీరులు కూడా నీరు కనబడగానే అటే పరుగెత్తారు. గవని కింద మిగిలింది నేలమీద దొర్లుతున్న చిలకమ్మ, ఆమెను వదిలి పోలేక ఆగిపోయిన రేచన. వాడప్పుడు తలుపు తీద్దామని అడ్డమాను లాగాడు. భుజం ఆనించి తోశాడు. బయట నుంచి నీరూ గాలీ తోసిపట్టిన ఆ మాను బిగుసుకుపోయి గోరంతైనా కదలలేదు. వేళకు తీయనివాడికి తలుపు ఆ తరువాత లొంగుతుందా?

"అమ్మా, రావడం లేదు," అని ఏడ్చాడు.

బయట నుంచి దాలెమ్మ గొంతు తలుపు సందులోంచి వచ్చింది. "తలుపు సంగతి వదిలెయ్యి. చేతులు కడుక్కున్నావా? ముందు కడుక్కో. చిలకా, నేనిక్కడే ఉన్నానే. వాడు చెప్పినట్టు కాదు, నేను చెప్పినట్టు చెయ్యి."

ఆ విధంగా నడుముదాకా, రొమ్ముదాకా, కంఠందాకా ఎక్కుతున్న ఉప్పునీటిలో నిలబడి ఆ మహాతల్లి కాన్పు చేయించింది. తలకొక రాయి అడిగిన చేతుల్లోకే ఆ తల దిగింది. బిడ్డ ఏడుపు వినబడగానే, "ఆడా, మగా?" అని అడిగింది. ఆడపిల్ల అని రేచన కేకవేశాడు. "ఒళ్ళు తుడిచి తల్లి రొమ్ముకు పెట్టు," అన్న మాట వచ్చింది. ఆ తరువాత ఏ మాటా రాలేదు.

సాయంకాలానికి సముద్రం వెనుదిరిగింది. రాజు పేర్చిన ప్రాకారం బారులకు బారులు కూలి ఇసుకలో కలిసింది. రోలూ పొత్రమూ పొదిగిన గోడ, దాని ఆసరాన గవని, గవని చాటున ఉన్న ముగ్గురూ మాత్రం చెక్కుచెదరలేదు. దాలెమ్మ దేహం ఎక్కడా దొరకలేదు. చుట్టూ బావులన్నీ ఉప్పునీరైపోగా, గోడలోంచి బయటకు తిరిగి ఉన్న ఆ రోటిగుంటలో మాత్రం తియ్యని నీరు ఊరుతూ కనిపించింది.

రాజు పాదచారియై వచ్చి, దేవీమాహాత్మ్యమని సాష్టాంగపడి, బంగారు శిఖరంతో ఆలయం కట్టిస్తానని చిలకమ్మతో విన్నవించుకున్నాడు. పచ్చిబాలెంత బిడ్డను ఎత్తుకుని లేచి నిలబడింది.

"మా అత్త గుడి అడగలేదు. లోపలికి దారి అడిగింది. ఆ తలుపులు పీకించు."

పీకించారు. నాటి నుంచి దాలెమ్మ రోటమ్మగా ప్రసిద్ధి పొందింది, ఆ వాకిలి రోటమ్మ గవని అయింది. తరువాతి పాలకులు రెండుసార్లు తలుపులు బిగించారట; రెండుసార్లూ వాటి ఇనుప కమ్ములు నెల తిరగకుండా తుప్పుపట్టి రాలాయట. నేటికీ కారులో పోయేవారైనా, లారీలో పోయేవారైనా అక్కడ ఆగి రోటినీళ్ళు కళ్ళకద్దుకుంటారు. మీదే ఊరు, ఎవరి తాలూకు అని ఆ గవని కింద ఎవరూ అడగరాదు.

ఏటా కార్తీకంలో ఉప్పెన వచ్చిన తిథినాడు ఊరిపెద్దలు, మెట్టమీది గుడి ధర్మకర్తలతో సహా, చెప్పుల్లేకుండా గవని బయట ఇసుకలో నిలబడతారు. ఆ దారిన పోయే పరాయి ఆడది ఎవరైనా ఆగి, లోపలికి రండని పిలిస్తే తప్ప వారు ఊళ్ళో అడుగు పెట్టకూడదు. పోయిన ఏడు మిట్టమధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. చివరికొక కారు ఆగింది. దిగిన ఆవిడ నీళ్ళు తాగి, మొహం కడుక్కుని, గోడనీడన కూర్చుని వాళ్ళు పెట్టిన పులిహోర తింటూ ఈ కథంతా చెప్పించుకుంది. పెద్దల్లో ఒకాయన కాళ్ళు మార్చుకుంటూ, అమ్మా, ఇక పిలవండి అని వేడుకున్నాడు.

ఆవిడ ఎండలో ఉన్న వాళ్ళను ఓసారి తేరిపార చూసి, ఇంకొంచెం పులిహోర వడ్డించమంది.