కంప దాటిన అలసంద

అప్పటికి మన తాతల తాతలు కూడా పుట్టలేదట. ఎండలు మాత్రం ఇలాగే ఉండేవట. ఆ ఎండల సీమలో, ఒక ఊళ్లో, సుంకులమ్మ, ఓబులమ్మ అని ఇద్దరు తోడికోడళ్లు. ఇద్దరికీ మొగుళ్లు పోయారు. ఇద్దరి పెరళ్ల మధ్య ఒక ముళ్లకంప. పెద్దామె సుంకులమ్మకు పిల్లల్లేరు. చిన్నామె ఓబులమ్మకు ముగ్గురు.

ఒకనాడు సుంకులమ్మ నోరు జారింది. ఆ పిల్లలకు సంగటి పెడుతూ, "అబ్బో, ఇంతింత తింటారే మీరు!" అంది. ఓబులమ్మ విని, పిల్లల ముందున్న ముద్దలు తీసి కుండలో పడేసింది.

"అక్కా, ఇంగ నీ చేత్తో ఇచ్చింది ఏదీ మా ఇంట్లో ఎవురూ ముట్టరు," అంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఓబులమ్మ ఇంట్లో పొయ్యి రాజేయని పూటలే ఎక్కువయ్యాయి. సుంకులమ్మ జొన్నలు మూటగట్టి కంప మీదుగా అందించింది. మూట తిరిగొచ్చి ఆమె కాళ్ల దగ్గరే పడింది. కంప అవతల పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు.

చేత్తో ఇస్తే కదా వద్దనేది అనుకుంది సుంకులమ్మ. కంప మొదట్లో అలసందలు వేసింది. తొందరలో చలి పోకముందే వేసింది. గింజలు మట్టిలోనే కుళ్లిపోయాయి. కంప అవతల పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు.

మళ్లీ వేసింది. ఈసారి దిబ్బలో ఎరువంతా తెచ్చి పోసింది. తాను తాగే నీళ్లలో సగం దానికే పోసింది. తీగ ఆకుల మీద ఆకులు వేసింది గానీ ఒక్క కాయ కాయలేదు. గారాబం ఎక్కువైతే అలసంద అంతే. కంప అవతల పిల్లల ఏడుపు సన్నబడింది. అది విని సుంకులమ్మకు భయం పట్టుకుంది.

మూడోసారి, నేల మీద కాలు పెడితే చుర్రుమనే ఎండల్లో వేసింది. ఎరువు వెయ్యలేదు. చావకుండా ఇన్ని నీళ్లు చల్లి ఊరుకుంది. తీగ లేచింది, పూసింది, కంప దాటి గుత్తులుగా కాసింది.

"అక్కా, నీ తీగ మా పెరట్లో పడింది. తీసుకో," అని కేకేసింది ఓబులమ్మ.

"తీగకు నేనేం జెప్పేది మే? దాని ఇష్టం. కంప దాటింది నాది కాదు. కోసుకుంటే కోసుకో, లేకుంటే ఎండనీ."

ఓబులమ్మ కొయ్యలేదు. ఆమె చిన్నకూతురు ఒక కాయ తెంపి పచ్చిదే నమిలింది. ఓబులమ్మ కొట్టబోయి చెయ్యి దించుకుంది. ఆ సాయంత్రం కంప అవతలి నుంచి గుగ్గిళ్ల వాసన వచ్చింది.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం అంతే. మాటలు మాత్రం కలవలేదు. ఇద్దరూ మొండివాళ్లే మరి.

ఒక ఎండాకాలం సుంకులమ్మ పోయింది. అప్పుడు ఓబులమ్మ ఇన్నేళ్లకు సుంకులమ్మ పెరట్లో కాలు పెట్టింది. ఇవతలి వైపు ఒక్క కాయ లేదు. తీగ ప్రతి కొసనూ పాత చీర పేలికతో కంపకు కట్టి, అవతలికి మళ్లించి ఉంది. శవం దగ్గరికి వెళ్లి చేతులు చూసింది. మోచేతుల దాకా ముళ్లు గీరిన గీతలు.

"ఇన్నేండ్లూ నీ చేతి కూడే తిన్నాం కదక్కా," అని ఓబులమ్మ కూలబడి ఏడ్చింది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో అలసంద మొదటి తీగను పాత చీర పేలికతో పొరుగు పెరటి వైపుకే కడతారు. అవతల కాసిన కాయలను సుంకులమ్మ వాటా అంటారు. వాటిని ఎవరూ అడగరు. ఇంకోటి కూడా ఉంది. పొరుగు పిల్లలు తింటున్నప్పుడు, ఎంత తిన్నా సరే, ఎవరూ ఏమీ అనరు. ఇంకొంచెం పెడతారు.