గొడుగు తీయించిన నూకాలు

ఆ రాజ్యంలో పరగణా అధికారిని జనమే చేతులెత్తి ఎన్నుకునేవారు. ఈసారి నిలబడ్డ పెద్దిరాజంటే బుట్టలల్లే నూకాలికి ప్రాణం. కరువులో అతని తండ్రి పోసిన గంజి ఆమె మరచిపోలేదు. ఏ ఊళ్లో సభ జరిగినా ఆమె ‘జై’ అందరికంటే గట్టిగా వినిపించేది.

ఆ రోజు సభ మండుటెండలో జరిగింది. పొద్దుటినుంచి నిలబడ్డ జనం సోలిపోతున్నారు. నూకాలి పక్కనే ఓ నిండు చూలాలు కళ్లు తిరిగి కూలబడింది. పెద్దిరాజు మాత్రం గొడుగు నీడలో నిలబడి ఉపన్యాసం దంచుతూనే ఉన్నాడు.

“నేనూ మీలో ఒకణ్ణే! మీ కష్టమే నా కష్టం!”

“జై!” అంటూ నూకాలు వేదికెక్కి గొడుగువాడి మీద విరుచుకుపడింది. “విన్నావుట్రా? మాలో ఒకణ్ణంటుంటే నీడ పట్టి మా బాబుని వేరు చేస్తావా? తియ్యి గొడుగు!”

జనం చప్పట్లు చరిచారు. ఇక వద్దంటే మాట పోతుందని పెద్దిరాజు గొడుగు తీయనిచ్చాడు. కాసేపటికే చెమటతో తడిసిపోయి, “ఇంకా ఎంతసేపే అవ్వా, ఈ ఎండ?” అని గొణిగాడు.

“తమరెంతసేపు మాట్లాడితే అంతసేపు బాబూ,” అంది నూకాలు వినయంగా.

పెద్దిరాజు ప్రసంగం అక్కడితో ఆపి, తన పరివారానికని దాచిన మజ్జిగ కుండలు జనంలోకి పంపించాడు. నూకాలు ముందు చూలాలికి తాగించి, తనూ ఓ గుక్క తాగి, మళ్లీ ‘జై’ కొట్టింది. ఈసారి గొంతు తడిసిందేమో, పొరుగూరికి వినపడింది.