మౌలాలి బుడగ

లారీలకు ముక్కులు పొడుగ్గా ఉన్న కాలం. మీ తాతలకు ఇంకా మీసాలు రాని కాలం. ఆ కాలంలో కొండదారి మొదట్లో ఒక లారీ రిపేరు షెడ్డు ఉండేది. అందులో మౌలాలి అనే ముసలాయన ఫిల్టర్లు కడిగేవాడు. పొద్దున ఫిల్టర్లు, మధ్యాహ్నం ఫిల్టర్లు, సాయంత్రం ఫిల్టర్లు. ఎప్పుడో జ్వరమొచ్చి చెవులు రెండూ పోయాయి పాపం. మోత వినపడనివాణ్ణి ఇంజన్ దగ్గరికి ఎవరు రానిస్తారు?

ఒకరోజు డ్రైవర్ ఓబులేసు లారీ రిపేరుకొచ్చింది. లారీ నిండా నీళ్ల డ్రమ్ములు, డ్రమ్ముల నిండా చేపపిల్లలు. కొండ అవతలి బెస్తవాళ్లకు అవే ఏడాది కూడు. వాళ్ల మనిషి సుంకులమ్మ డ్రమ్ముల మధ్య కూర్చుని చేత్తో నీళ్లు చిలుకుతూ ఉంది. చిలికితేనే నీళ్లలోకి గాలి చేరుతుంది, గాలి చేరితేనే పిల్లలు బతుకుతాయి.

షెడ్డు మేస్త్రీ డీజిల్ పైపు మార్చాడు. ఓబులేసు స్టార్టర్ నొక్కాడు. బండి గుర్రుమంది, దగ్గింది, ఆగిపోయింది.

“డీజిల్‌లో గాలి జొరబడిందప్పా,” అన్నాడు మేస్త్రీ. పైపు విప్పితే అంతే, ఆ గాలి పోతే గానీ ఇంజన్‌కు డీజిల్ అందదు. ఫిల్టర్ మీది చిన్న నట్టు వదులు చేసి చేతిపంపు కొట్టాడు. నురగ వచ్చింది, తర్వాత తేట డీజిల్ వచ్చింది. మేస్త్రీ మహా తొందర మనిషి, టక్కున బిగించేశాడు. బండి గుర్రుమంది, దగ్గింది, ఆగిపోయింది.

మూడోసారి అందరూ కలిసి తోశారు. బండి గుర్రుమంది, దగ్గింది, ఆగిపోయింది.

ఎండ నడినెత్తికొచ్చింది. చేపపిల్లలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయి. సుంకులమ్మ చేతులు పడిపోయాయి.

“ఎవురన్నా సూడండయ్యా, సచ్చిపోతాండాయి!” అని ఏడ్చింది.

మౌలాలికి ఏడుపు వినపడలేదు, ఆమె మొహం కనపడింది. ఏమైందన్నట్టు లారీ ఎక్కాడు. మాటలతో లాభం లేదని ఆమె అతని చెయ్యి పట్టుకుని డ్రమ్ములో ముంచింది. పిల్లలు నీరసంగా వేళ్లకు తగిలాయి. ముసలాయన గుండె కరిగిపోయింది.

దిగి తిన్నగా ఇంజన్ దగ్గరికి నడిచాడు.

“మోతే ఇనపడదు, నువ్వేం జేస్తావు తాతా?” అన్నాడు మేస్త్రీ. అననీ, వినేవాడెవరు?

మౌలాలి నట్టు వదులు చేశాడు. పంపు కొట్టాడు. నురగ వచ్చింది, తేట డీజిల్ వచ్చింది.

“వచ్చె, వచ్చె! బిగించు!” అని మేస్త్రీ అరిచాడు.

మౌలాలి కళ్లు నట్టు మీదే ఉన్నాయి. “ఇంగొకటి ఉండాది,” అన్నాడు. పంపు కొట్టాడు. చింతగింజంత బుడగ వచ్చింది.

“ఇంగొకటి ఉండాది.” శనగగింజంత బుడగ వచ్చింది.

“ఇంగొకటి ఉండాది.” ఈసారి ఎంతసేపటికీ ఏమీ రాలేదు. ఓబులేసు తల పట్టుకున్నాడు. ముసలాయన బొటనవేలు ఒరుసుకుపోయింది. అప్పుడొచ్చింది, ఆవగింజంత బుడగ. ఒక చేత్తో పంపు కొడుతూనే రెండో చేత్తో నట్టు బిగించాడు.

అందరూ తోశారు. బండి గుర్రుమంది, దగ్గింది, అందుకుంది!

జనం ఈలలు వేశారు, గంతులేశారు. మౌలాలి మాత్రం బండి వెంటే వచ్చి, వంగి, డీజిల్ కారుతుందేమోనని నట్టునే చూస్తున్నాడు. బండి అందుకుందని పాపం ఆయనకు తెలియనే లేదు. సుంకులమ్మ కిందికి దూకి, అతని చెయ్యి తీసి బానెట్ మీద పెట్టింది. చెయ్యి అదిరింది. ముసలాయన పసిపిల్లవాడిలా నవ్వాడు.

చేపపిల్లలు బతికాయి. ఆ ఏడాది బెస్తవాళ్ల పొయ్యిలన్నీ వెలిగాయి.

కొన్నేళ్లకు మౌలాలి పోయాడు. షెడ్డు పక్కనే, రోడ్డు వారన పూడ్చారు. ఎక్కడెక్కడి లారీలూ వచ్చి వరస కట్టాయి. ఆఖరి మర్యాదగా హారన్లు కొడదామన్నారు డ్రైవర్లు.

“ఆయప్పకు హారన్ ఎట్ల ఇనపడ్తాదిరా?” అంది సుంకులమ్మ. “ఇంజన్లు ఆపొద్దండి. నేల అదరనీయండి.”

ఈ రోజుకీ ఆ దారి మెకానిక్కులు, డీజిల్ తేటగా వచ్చాక కూడా నట్టు బిగించరు. “మౌలాలి బుడగ రానీ,” అంటారు. ఆ గోరీ దగ్గర ఎవరూ హారన్ కొట్టరు. బండి నిలిపి, ఇంజన్ ఆపకుండా, కాసేపు అలాగే కూర్చుంటారు.