కాకి వాలని వలలు

ఒకానొక కాలంలో, ఎక్కడని మాత్రం నన్నడక్కండి, ఒక పెద్ద సరస్సు ఉండేది. దాని చుట్టూ మూడు రాజ్యాలు. సరస్సు ఒకటే, అందులో చేపలూ అందరివే, వాటిని తినే నోళ్ళు మాత్రం మూడు రాజ్యాలవి. చిక్కంతా అక్కడే వచ్చింది.

దక్షిణపు ఒడ్డు రాజు పేరు విజయోత్తుంగ భూపాలుడు. పేరే ఇంత పొడుగుంటే ఇక బిరుదుల సంగతి చెప్పాలా? ఆయన భోజనానికి కూర్చుంటే, వందిమాగధులు బిరుదులన్నీ చదివి ముగించేసరికి అన్నం చల్లారిపోయేది. అయినా అవన్నీ వినందే ముద్ద ముట్టేవాడు కాదు మహానుభావుడు.

ఆయన కొలువులో గుండన్న అని ఒకడుండేవాడు. పెద్ద పండితుడేం కాదు గానీ సందేహాల పుట్ట. ఆకాశంలో కొంగ ఎగురుతుంటే, అది ఎక్కడికి పోతోందో తెలుసుకునేదాకా అన్నం సయించని రకం. రాజుగారికి అతనంటే సరదా, అతని ప్రశ్నలంటే చిరాకు.

సరే, ఆ సరస్సులో చేపలు తగ్గిపోతూ వచ్చాయి. అవతలివాళ్ళు పట్టేలోగా మనమే పట్టేద్దామని ఎవరికి వాళ్ళు వలలు పెంచుకుంటూ పోయారు. ఇక చేపపిల్ల పెద్దదయ్యే వ్యవధి ఎక్కడిది? దానికి తోడు, ఏటి నుంచి కొత్త నీళ్ళు తెచ్చే కాలువ బురదతో పూడిపోయింది. కొత్త నీళ్ళు రాకపోతే అక్కడి చేపలు గుడ్లు పెట్టవు. పూడిక తీయాలని ముగ్గురు ఏలికలకీ తెలుసు. వాళ్ళు మొదలెడితే మనమూ దిగుదామని ముగ్గురూ అనుకున్నారు. అందుకని ఎవరూ దిగలేదు.

చివరికి తూర్పు ఒడ్డు రాణి అక్కమాంబ దూతచేత కబురు పంపింది.

"సరస్సు మధ్యలో పడవ మీద ముగ్గురం కలుద్దాం. ముందుగా ఒకరి వలలు ఇంకొకరి మనుషులు లెక్కపెట్టాలి. లెక్కలో తేలినవాటిలో సగం తీసేద్దాం, సగమే వాడుకుందాం. చేపలు మళ్ళీ పెరిగేదాకా ఇదే మాట."

వినగానే భూపాలుడు మీసం దువ్వాడు.

"దీనికింత ఆలోచన దేనికి? లెక్క రోజున మన ఒడ్డున వలలు రెట్టింపు కనబడాలి. అందులో సగం తీసేశామనుకోండి, ఏమవుతుంది? మన వలలు మనకే మిగుల్తాయి!"

సభంతా ఆహా అంది, ఓహో అంది. మంత్రిగారైతే కళ్ళు కూడా ఒత్తుకున్నారు. గుండన్న ఒక్కడే లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, చిన్న సందేహం. ఈ ఉపాయం మిగతా ఇద్దరికీ తట్టదంటారా?"

"అంత బుర్ర ఎక్కడిదయ్యా వాళ్ళకి?" అని రాజు కసిరాడు. "పడవ మీదికి నువ్వూ వస్తున్నావు, మాటకి మాట అందించడానికి. కానీ ముందే చెబుతున్నా విను. నిజంగా చేపలు పట్టే మన వలల్లో ఒక్కటి తగ్గిందా, నీ కొలువు ఊడినట్టే!"

మర్నాటి నుంచి భటులు ఒడ్డున ఉన్న పల్లెల మీద పడ్డారు. ప్రతి ఇంటి ముందూ వల వేలాడాలి. వల లేకపోతే? వలలా కనిపించేది ఏదైనా సరే. దోమతెరలు, ఉట్లు, ఎద్దుల మూతికి కట్టే చిక్కాలు, అన్నీ గుంజలెక్కాయి.

గుండన్న ఈ వేడుక చూద్దామని ఒడ్డుకి వెళ్తే, చేపలమ్మే నూకమ్మ ఎదురొచ్చింది.

"సూడు బాబయ్యా, మా మనవరాలి ఉయ్యాల కూడా ఇప్పుకొచ్చి ఇక్కడ కట్టేసినారు. పిల్ల నేల మీద పడుకుంటంది."

"లెక్క అయ్యేదాకానేలే నూకమ్మా."

"ఉయ్యాల మాట ఒగ్గెయ్యి. సరస్సు మాటేటి? మా ఆయన పొద్దున్నే పోయి సందేళకి ఒట్టి చేతుల్తో వస్తన్నాడు. ఈ లెక్కలూ ఈ మాటలూ కూడా ఉత్తుత్తివే అయితే, వచ్చే ఏడు ఈ ఒడ్డున మీకు మనిషి కనపడడు. కట్టుబట్టల్తో ఎటో పోవలిసిందే మేము."

గుండన్న మనసు చివుక్కుమంది. తన కొలువు నిలవాలంటే ఈ దొంగ లెక్క నెగ్గాలి. అది నెగ్గితే ఒడ్డంతా ఖాళీ అయిపోతుంది. ఏం చెయ్యాలో పాలుపోక ఆ దోమతెరల కేసి చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో, అలవాటు ఎక్కడికి పోతుంది, ఒక సందేహం వచ్చింది.

"నూకమ్మా, మీ వలల మీద అన్ని కాకులు వాలాయే! వీటి మీద ఒక్కటీ లేదేం?"

నూకమ్మ ఫక్కున నవ్వింది. "నీచు వాసన లేందే కాకెందుకు వాల్తది బాబయ్యా?"

గుండన్న అప్పటికప్పుడు ఒక దోనె మాట్లాడుకుని సరస్సంతా చుట్టి వచ్చాడు. తూర్పు ఒడ్డున వరసలు వరసలుగా వలలు. సగం వాటి మీద కాకి లేదు. ఉత్తరపు ఒడ్డునా అదే తంతు. తిరిగొచ్చేటప్పుడు తనలో తానే నవ్వుకుంటుంటే, దోనె నడిపేవాడు ఇతనికేదో గాలి సోకిందనుకున్నాడు.

లెక్కలు ముగిశాయి, సమావేశం రోజు వచ్చింది. ఎవరు పై ఆసనంలో కూర్చోవాలన్న తగువుతోనే సగం పూట గడిచింది. తరవాత ముగ్గురి బిరుదులూ చదివారు. ఆ తరవాత వలల లెక్క చదివారు. అందరికన్నా దక్షిణపు ఒడ్డువే ఎక్కువని తేలింది. భూపాలుడు అదేదో యుద్ధం గెలిచినట్టు ఛాతీ విరుచుకున్నాడు.

గుండన్న చేతులు కట్టుకుని అడిగాడు. "ఏలినవారికి చిన్న సందేహం. కాలువ పూడిక మాటేమిటి? ఎవరెంత బురద ఎత్తాలి?"

"తలా కాస్తా సమానంగా ఎత్తుదాం" అన్నాడు ఉత్తరపు ఒడ్డు రాజు వీరభోజుడు. పెద్దాయన, అప్పటికే ఆకలి మీదున్నాడు.

"కుదరదు!" భూపాలుడు గర్జించాడు. "సరస్సుని ఎవరు ఎక్కువ దోచుకున్నారో వాళ్ళే ఎక్కువ ఎత్తాలి. అదే ధర్మం!" అంటూ రాణి వైపు ఓరగా చూశాడు.

"నాకు సమ్మతమే" అంది రాణి, ఆమె కూడా అతని వైపే చూస్తూ. వీరభోజుడు సరేనని తలూపాడు.

"మరి ఎవరెంత దోచుకున్నారో తెలిసేదెలా?" అన్నాడు గుండన్న. "తెలియక అడుగుతున్నాను."

"తెలియకపోవడమేం? ఇప్పుడే కదా లెక్క చదివారు! ఎక్కువ వలలున్నవాళ్ళే ఎక్కువ పట్టినట్టు" అంది రాణి. అనేసి, తన వలలు గుర్తొచ్చి కాబోలు, నాలిక్కరుచుకుంది.

భూపాలుడి గొంతులో వెలక్కాయ పడింది. అవన్నీ వలలు కావు అంటే మూడు రాజ్యాల ముందు దొంగవుతాడు. వలలే అంటే బురదంతా నెత్తి మీదికొస్తుంది. వీరభోజుడు ఆకాశం చూస్తున్నాడు. రాణి నీళ్ళు చూస్తోంది.

అప్పుడు గుండన్నే మెల్లిగా అన్నాడు. "లెక్కపెట్టినవాళ్ళు ఆరేసిన దోమతెరల్ని కూడా వలలనుకుని పొరబడ్డారేమో. రేపు పొద్దున్న పడవలు ఒడ్డుకి చేరాక మళ్ళీ లెక్కపెట్టిద్దాం. కాకి వాలితేనే వల. ఆ ఒక్క లెక్కే వలలకీ, బురదకీ కూడా."

"పొరపాటే! పొరపాటే!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

భూపాలుడు గుండన్నని పక్కకి లాగి చెవిలో గొణిగాడు. "అయితే రేపు మన అసలు వలలు కూడా కొన్ని దాచేద్దామా? బురద తప్పుతుంది."

"తప్పుతుంది ప్రభూ. కానీ లెక్కలోకి రాని వల ఇక నీళ్ళలో దిగకూడదు. దాచినవి అలా పోగా, మిగిలినవాటిలో మళ్ళీ సగం పోతాయి."

"పోనీ, ఇంకాస్త ఎక్కువ చూపిద్దాం."

"బురద పెరుగుతుంది ప్రభూ."

రాజు తల గోక్కున్నాడు. "మరేం చూపించి చావమంటావయ్యా?"

"ఉన్నది చూపించొచ్చు. అదింకా ఎవరూ ప్రయత్నించలేదు."

మర్నాడు మూడు ఒడ్డుల్లోనూ ఉన్నది ఉన్నట్టు లెక్క తేలింది. సగం వలలు చుట్టి అటకెక్కించారు. మూడు రాజ్యాల మనుషులూ పారలు పట్టుకుని కాలువలోకి దిగారు. ఎవరి ఉయ్యాల వాళ్ళింటికి చేరింది.

అంతా బాగానే ఉంది గానీ, భూపాలుడికి మాత్రం పుండు మీద కారం చల్లినట్టుంది. నిండు సభలో గుండన్నని పిలిపించాడు.

"మన అసలు వలలు సగానికి సగం పోయాయి. అన్న మాట అన్న మాటే. నీ కొలువు ఊడింది!"

గుండన్న సాష్టాంగపడ్డాడు. "మహాప్రసాదం ప్రభూ! ఆ ముక్క ఎప్పుడంటారా అని ఎదురు చూస్తున్నాను."

రాజుకి కోపం కన్నా వింత ఎక్కువైంది. "కొలువు పోతే సంతోషమేమిటయ్యా? మతి పోయిందా?"

"ఒప్పందం ఎవరు నిలబెట్టుకుంటున్నారో చూడడానికి సరస్సు మీద ఒక మనిషి ఉండాలని రాణిగారు, వీరభోజులవారు అనుకున్నారట. ముగ్గురిలో ఎవరి కొలువులోనూ ఉండనివాడు కావాలట. వాళ్ళకి నేను నచ్చాను. ఏలినవారి దగ్గర పనిచేస్తున్నానన్న ఒక్క అడ్డే మిగిలింది. తమ దయవల్ల అదీ తీరిపోయింది."

రాజు సింహాసనం మీంచి ముందుకి వంగాడు.

"అంటే ఇకనుంచి నా వలలు కూడా నువ్వే చూస్తావా?"

"అందరివీ ప్రభూ."

"ఓహో! అయ్యగారి మొదటి పని ఏమిటో?"

"తమ భవనం వెనక మెట్ల కింద, వంటవాళ్ళు నీళ్ళలో దించి ఉంచిన వల ఒకటుంది. లెక్కలోకి రాలేదు. దాన్ని తీయించాలి."

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. భూపాలుడు గుండన్నని ఎగాదిగా చూశాడు. ముందు మీసాలు కదిలాయి, తరవాత బొజ్జ కదిలింది, ఆ తరవాత సభ దద్దరిల్లేలా నవ్వాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా! నా చేతే కొలువు ఊడగొట్టించుకుని నా మీదే పెత్తనమా!"

తన పట్టుశాలువా తీసి గుండన్నకి కప్పాడు. సరస్సు చుట్టి రావడానికని తను షికారుకెళ్ళే పడవనే ఇచ్చేశాడు. ఆ తరవాత, బిరుదులు చదివించుకోకుండానే, స్వయంగా మెట్లు దిగి వల పైకి లాగాడు. అందులో వేలెడేసి చేపపిల్లలు గిలగిల్లాడుతున్నాయి. వాటిని నీళ్ళలోకి దులిపేసి, తడి చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"అవునుగానీ గుండన్నా, ఆ రాణిగారి మెట్ల కింద చూశావా?"

"అక్కడికే బయల్దేరుతున్నాను ప్రభూ" అంటూ గుండన్న పడవెక్కాడు.