రాబందుల చరియ

పాలాక్షి పోయిన తరువాత తిప్పేస్వామి ఆకాశం వైపు చూడటం మానేశాడు. ఇంటిముందు కాకి అరిచినా ఉలిక్కిపడేవాడు. అంగట్లో మోటారు చుడుతూ చుడుతూ, రాగితీగ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయేవాడు. ఇంట్లోవాళ్లు పిలిస్తే వచ్చి తినేవాడు. పిలవకపోతే లేదు.

రాయదుర్గంలో తిప్పేస్వామి, పాలాక్షి, షఫీ ముగ్గురూ స్నేహితులు. తిప్పేస్వామిది మోటార్లు బాగుచేసే అంగడి. పాలాక్షి బడిలో డ్రాయింగు మాస్టరు. షఫీ ఆటో నడిపేవాడు. ఈ ముగ్గురికీ పిట్టల పిచ్చి పట్టించినవాడు హుసేనప్ప తాత.

తాత ఫకీరు. హగరి ఏటి ఇసుక దిబ్బలై చేలమీదికి పాకివచ్చిన చోట, పాడుబడిన దర్గా పక్కన గుడిసె వేసుకుని ఉండేవాడు. జనం తాయెత్తుల కోసం వచ్చేవాళ్లు. "తాయెత్తుల్లేవు నాయనా నా దగ్గర. కూచోండి, కాసేపు పిట్టల్ని చూసి పోండి" అనేవాడు. వచ్చినవాళ్లు ముఖాలు చూసుకుని లేచిపోయేవాళ్లు. ఈ ముగ్గురూ కూర్చున్నారు.

అప్పటినుంచి ఆదివారం వస్తే షఫీ ఆటోలో తాతను ఎక్కించుకుని ఇసుకలోకో కొండల్లోకో వెళ్లేవాళ్లు. తాత ఏమీ బోధించేవాడు కాదు. ఇసుకమీద బోర్లా పడుకోమనేవాడు. ఎండకు వీపులు కాలేవి. ఎంతోసేపటికి, ఎదుట ఏమీ లేదనుకున్నచోట, ఇసుకలో ఇసుకలా ఉన్న పిట్ట ఒకటి మెల్లగా మెడ తిప్పేది. పాలాక్షి ఊపిరి బిగబట్టేవాడు. దాని పేరు తిప్పేస్వామి చెప్పేవాడు. షఫీ మాత్రం సద్దిమూట విప్పేదాకా గురకపెట్టి నిద్రపోయేవాడు. "వానికీ ఏదో కనపడతాంటుందిలే" అని తాత నవ్వేవాడు.

తన చిన్నతనంలో పశువు చస్తే చాలు, రాబందులు కొండలు కదిలివచ్చినట్టు దిగేవని తాత చెప్పేవాడు. ఇప్పుడు ఒక్కటీ లేదు. పాలాక్షి ఎన్నడూ రాబందును చూడలేదు. దాని సంగతి ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మళ్లీ అడిగేవాడు.

ఒక చలికాలం, కోనప్ప కొండ చరియమీద పెద్దపిట్ట ఏదో తిరుగుతోందని గొర్రెలకాపరులు చెప్పారు. తాతకు అప్పటికే మోకాళ్లు పోయాయి. చూపూ మందగించింది.

"మీరు పోండప్పా. పాలాక్షికి చూపించుకోని రాండి" అన్నాడు.

ముగ్గురూ వెళ్లారు. చరియమీద మనిషి వెనుక మనిషి నడిచేంత దారి. తిప్పేస్వామి ముందు, పాలాక్షి వెనుక. షఫీ కింద మలుపు దగ్గర ఆయాసం తీర్చుకుంటున్నాడు. ఉన్నట్టుండి బండమీద పెద్ద నీడ ఒకటి జారిపోయింది.

"పైన చూడు పాలాక్షీ! పైన!" అని తిప్పేస్వామి కేకవేశాడు.

బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకున్నాడు. బోడి మెడ. చాచిన రెక్కలు. అది రెక్క ఆడించకుండానే చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. శిఖరం వెనక్కి పోయేదాకా తిప్పేస్వామి దానినే చూశాడు. తరువాత ముఖమంతా నవ్వుతో వెనక్కి తిరిగాడు.

"చూసినావా?"

చరియమీద ఎవరూ లేరు.

కింద షఫీ గొంతు చిరిగిపోయేలా అరుస్తున్నాడు. ఆ అరుపు ఎప్పటినుంచి వినపడుతోందో తిప్పేస్వామికి తెలియదు.

దినాలనాడు పాలాక్షి భార్య హనుమక్క అతని దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"అన్నా, ఆ పిట్ట ఎట్లుండె? ఆయప్ప ఎప్పుడూ దాని గురించే చెప్తాండె" అని అడిగింది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. తిప్పేస్వామి నోరు తెరిచాడు. ఆ రెక్కలు ఈకతో సహా కళ్లముందు ఉన్నాయి. పాలాక్షి ముఖమే ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. అతడు అక్కడినుంచి లేచి వచ్చేశాడు.

షఫీ బళ్లారి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఎవరూ ఎవరినీ పిలవలేదు.

ఒక ఉదయం తిప్పేస్వామి తాత గుడిసె ముందు నిలబడ్డాడు. రాత్రి వీచిన గాలికి ఇసుక గడపదాకా వచ్చి ఉంది. తాత దానిని చేత్తో తోస్తున్నాడు.

"తాతా, చెప్పి పోదామని వచ్చినా."

"యాడికి?"

"ఆ చరియ కాడికి."

తాత తలెత్తి అతని ముఖం చూశాడు. ఎందుకని అడగలేదు. వద్దనీ అనలేదు. గోడకు ఆనించిన కర్ర అందుకున్నాడు.

"పద. నేనూ వస్తా."

"నువ్వు ఎక్కలేవు తాతా."

"వాడు పోయిన తావు నేనూ చూడల్ల కదప్పా."

బస్సు దిగి నడిచారు. కొండ మొదట్లో తాత నాలుగడుగులకోసారి ఆగాడు. తరువాత రెండడుగులకోసారి ఆగాడు. రాళ్లమధ్య కర్ర జారుతోందని దాన్ని ఒక పొదలో పడేసి తిప్పేస్వామి భుజం పట్టుకున్నాడు. కొన్నిచోట్ల తిప్పేస్వామి ఆయన్ని వీపుమీద మోశాడు. ముసలి ఒళ్లు ఎండుకట్టెలా తేలికగా ఉంది.

చరియ మీదికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తిప్పేస్వామి వేలు చూపాడు. తాత అక్కడ కూలబడి, బండమీద అరచేయి పెట్టాడు. తీయలేదు. కింద లోయలోనుంచి వేడిగాలి లేస్తోంది.

"నేనే చంపినానా తాతా?"

తాత బండను అరచేత్తో నిమిరాడు.

"నాకు తెలీదు" అన్నాడు.

"కాదంటావనుకుంటి."

"వానికి చూపించుకోని రాండి అని పంపించింది నేను. నా సంగతే నాకు తెలీదు. నీకేం చెప్పేది?"

తిప్పేస్వామి ఆయన వైపు తిరిగాడు. తాత ఇంత ముసలివాడని అతడెప్పుడూ అనుకోలేదు.

"నీకు నిద్ర పడతాందా తాతా?"

"లేదు."

"ఇది ఎప్పటికి తీరుతుంది?"

"తీరదు నాయనా."

ఏదో ఒక మాట దొరుకుతుందని ఇన్నాళ్లూ మనసులో ఏ మూలో ఆశ ఉండేది తిప్పేస్వామికి. అదీ పోయింది. అతడు బండ అంచు మీదుగా కిందికి చూశాడు. అడుగున రాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. చూస్తూనే ఉన్నాడు.

వెనుక ఏదో కదిలింది. తాత బండ పట్టుకుని లేచాడు. మెడ వెనక్కి వంచి, మసకబారిన కళ్లమీద చేయి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు.

"వచ్చె. అదిగో, వచ్చె" అంటూ ఒక అడుగు వేశాడు.

"తాతా, నిలబడు!"

తాత నిలబడలేదు. చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని, పైకే చూస్తూ అంచు వెంబడి ఇంకో అడుగు వేశాడు. కాలికింద గులకరాళ్లు జారి లోయలో పడ్డాయి.

తిప్పేస్వామి ఒక్క ఉదుటున దూకి ఆయన నడుము రెండు చేతులా చుట్టేశాడు.

"ఎంత పైన ఉందో చూడప్పా" అన్నాడు తాత. ముందుకు పోవాలని ఆయన ఒళ్లు లాగుతూనే ఉంది.

తిప్పేస్వామి తల ఎత్తలేదు. అతని కళ్లముందు తాత పాదాలున్నాయి. పగిలిన మడమలు. వంకరపోయిన వేళ్లు రాతిని తడుముకుంటూ పట్టు వెతుకుతున్నాయి. ఎడమ పాదం అంచుకు వచ్చింది. తిప్పేస్వామి ఒక చేత్తో నడుము వదలకుండా వంగి, రెండో చేత్తో ఆ పాదాన్ని పట్టుకుని వెనక్కి, గట్టి రాతిమీదికి జరిపాడు. అప్పుడే వాళ్లమీదుగా ఒక నీడ పోయింది. అది రెక్కదో మబ్బుదో అతడు చూడలేదు.

చాలాసేపటికి తాత మెడ దించాడు. కళ్లలోనుంచి నీళ్లు కారుతున్నాయి.

"చూసినావా?"

"లేదు తాతా."

"మరి ఏం చూస్తాంటివి?"

"నీ కాళ్లు."

తాత చేయి తిప్పేస్వామి భుజంమీద వేసి, ఒళ్లంతా అతనిమీదే మోపాడు.

"నా మోకాళ్లు దిగేటప్పుడు అసలు నిలబడవు. అట్లనే చూసుకుంటా దిగు."